అద్దం, ఫోన్ టార్చి పట్టుకుని నోట్లో స్లీప్ ఆప్నియా జాడలు ఎలా వెతుక్కోవాలి?

గురక పెట్టేవాళ్లకు తమ గురక వినపడదు. "నేనా? గురకా? ఛ!" అని వాదించేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. కానీ నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే స్లీప్ ఆప్నియా జబ్బు ఉంటే దాని జాడలు నోట్లో పగలు కూడా కనిపిస్తాయి. నాలుక అంచుల మీద, పళ్ల కొసల మీద, అంగిలి ఆకారంలో వాటిని చూడొచ్చు. పుచ్చిపన్ను చూపించుకోవడానికి వెళ్తే పళ్ల డాక్టరు ఉన్నట్టుండి "రాత్రిళ్లు గురక పెడతారా?" అని అడుగుతున్నారంటే కారణం ఇదే. పళ్ల డాక్టర్లు తమ దగ్గరికొచ్చే పేషెంట్లలో ఈ జబ్బు లక్షణాలను కనిపెట్టి చూడాలని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2017లో విధానంగానే ప్రకటించింది.

జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. నిద్ర పట్టాక గొంతు చుట్టూ ఉన్న కండరాలు సడలుతాయి. నాలుక మొదలు, మెత్తటి అంగిలి వెనక్కి జారతాయి. అక్కడ దారి మొదటే ఇరుకైతే గాలి వెళ్లే చోటు మూసుకుపోతుంది. 10 సెకన్లు, అంతకు మించి గాలి ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కపెడతారు. ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి మనిషిని కొంచెం లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, మళ్లీ నిద్ర పడుతుంది. తెల్లారాక ఇవేవీ గుర్తుండవు. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే బీపీ మందులకు లొంగకపోవచ్చు, గుండె లయ తప్పొచ్చు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. తెలుగు సినిమాలకూ పాటలు కట్టిన బప్పీ లహిరి 2022 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు ఆయనకు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా (గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే ఈ జబ్బే) ఉందని డాక్టర్లు చెప్పాకే ఈ మాట మన టీవీల్లో గట్టిగా వినపడింది.

కింద చెప్పినవన్నీ అనుమానం పెంచడానికో తగ్గించడానికో మాత్రమే పనికొస్తాయి. జబ్బు ఉందా లేదా తేల్చేది నిద్ర పరీక్ష ఒక్కటే.

ముందు రాత్రి సంగతి కనుక్కోండి

పక్కన పడుకునేవాళ్లను అడగండి. "గురక పెడతానా?" అని అడిగితే "అబ్బో!" అంటారు, దానివల్ల తెలిసేదేమీ ఉండదు. "గురక మధ్యలో టక్కున ఆగిపోతుందా? కాసేపు చప్పుడే లేకుండా ఉండి, ఆ తర్వాత ఎగశ్వాసతో పెద్దగా గాలి పీలుస్తానా?" అని అడగండి. ఈ ప్రశ్నకు అవునని జవాబొస్తే మిగతా పరీక్షలన్నిటికంటే దానికే బరువెక్కువ.

గదిలో ఒక్కరే పడుకునేవాళ్లు ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి తలగడకు ఓ చేయి దూరంలో పెట్టుకోవచ్చు. సీలింగ్ ఫ్యాన్ చప్పుడు కింద గురక కలిసిపోతుంటే ఫోన్‌ను ఇంకొంచెం దగ్గరికి జరపండి. రాత్రంతా వినక్కర్లేదు. తెల్లవారుజామున 3 నుంచి 5 గంటల మధ్య ఉన్న భాగం వినండి. కలలొచ్చే నిద్ర ఎక్కువగా ఆ వేళకే ఉంటుంది. కండరాలు బాగా సడలేదీ, చాలామందికి ఊపిరి ఎక్కువగా ఆగేదీ అప్పుడే.

లేవగానే, బ్రష్ చేసుకోకముందే మరి నాలుగు సంగతులు గమనించండి. నోరు పిడచకట్టుకుపోయి నాలుక అంగిలికి అంటుకుంటోందా? తలగడ మీద చొంగ మరక ఉందా? దవడలు, కణతలు పట్టేసినట్టున్నాయా? లేచాక గంటా రెండు గంటల్లో దానంతటదే తగ్గే తలనొప్పి ఉందా? రాత్రి మూత్రానికి ఎన్నిసార్లు లేచారో కూడా రాసుకోండి. రెండు మూడుసార్లు లేవాల్సొస్తే మనవాళ్లు వెంటనే షుగరనో ప్రోస్టేటనో అనుకుంటారు. అవీ చూపించుకోవాల్సిందే, కానీ స్లీప్ ఆప్నియాలోనూ రాత్రి మూత్రం ఎక్కువవుతుంది. ఒక వారం ఇలా రాసుకుంటే డాక్టరు దగ్గర నీళ్లు నమలక్కర్లేదు.

అద్దం ముందు: మల్లంపాటి చూపు

కుర్చీలో నిటారుగా కూర్చోండి. తల వెనక్కి వాల్చకుండా, ఎదురుగా చూస్తూ ఉండండి. నోరు వీలైనంత పెద్దగా తెరిచి, నాలుక పూర్తిగా బయటికి చాపండి. "ఆ..." అనకండి. గొంతు చూపించమంటే మనకు అలవాటు కొద్దీ ఆ శబ్దం వచ్చేస్తుంది. కానీ అలా అంటే మెత్తటి అంగిలి పైకి లేచి, లేని చోటు ఉన్నట్టు కనిపిస్తుంది. ఫోన్ టార్చి వెలుగు నోట్లోకి నేరుగా పడనివ్వండి. ఒంటరిగా చేస్తే చెయ్యి వణికి సరిగ్గా కనిపించదు. ఇంట్లో ఇంకొకరిని ఫోటో తీయమంటే నయం. రెండు మూడు ఫోటోలు తీసుకుంటే తీరిగ్గా పెద్దది చేసి చూడొచ్చు.

ఇప్పుడు నాలుక వెనకాల ఏం కనిపిస్తోందో చూడండి. కొండనాలుక కొస దాకా పూర్తిగా కనిపిస్తూ, దానికి అటూ ఇటూ కిందికి దిగే కండ మడతలు కూడా కనిపిస్తే 1వ తరగతి. మడతలు నాలుక చాటున దాగి, కొండనాలుక మాత్రం కనిపిస్తే 2. కొండనాలుక మొదలు మాత్రమే కనిపిస్తే 3. ముందరి గట్టి అంగిలి తప్ప ఇంకేమీ కనపడకపోతే 4. అంకె పెరిగేకొద్దీ నోట్లో నాలుకకు ఉన్న చోటు తక్కువని అర్థం.

దీన్ని ప్రపంచమంతా మల్లంపాటి స్కోరు అంటారు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు పేరు అది. ఆపరేషన్ ముందు గొంతులో గొట్టం వేయడం ఎవరికి కష్టమవుతుందో ముందే పసిగట్టడానికి ఆయన 1985లో ఈ పద్ధతిని ప్రచురించారు. మొదట మూడు తరగతులే ఉండేవి, 1987లో వేరే డాక్టర్లు నాలుగోది చేర్చారు. ఇవాళ ఏ దేశంలోనైనా ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వచ్చి నోరు తెరిచి నాలుక చాపమంటారు, కేస్ షీట్‌లో మన ఇంటిపేరు ఒకటి రాస్తారు. తెలుగువాళ్లకు ఈ సంగతి తెలియాల్సినంత తెలియదేమోననిపిస్తుంది.

నిద్ర వైద్యులు ఈ స్కోరును తమ పనికి తెచ్చుకున్నారు. స్కోరు ఒక్క మెట్టు పెరిగితే స్లీప్ ఆప్నియా ఉండే అవకాశం రెండింతలకు పైగా పెరుగుతోందని 2006లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. తర్వాతి విశ్లేషణల్లో సంబంధం అంత గట్టిగా కనిపించలేదు. కాబట్టి 4 వచ్చిందని కంగారూ వద్దు, 1 వచ్చిందని ధీమా కూడా వద్దు. ముక్కులో అడ్డం వల్లో, నాలుక మొదలు దగ్గర ఇరుకు వల్లో ఊపిరి ఆగేవాళ్లకు స్కోరు బాగానే రావచ్చు.

ఇక్కడే ఒక పక్క మాట చెప్పాలి. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు కలిపి నిలువుగా మీ ముందు పళ్ల మధ్య పట్టాలి. వక్కపొడి, గుట్కా అలవాటున్నవాళ్లకు నోరు అంత తెరుచుకోకపోతే గురక సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు అదే వారంలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. బుగ్గల లోపలి పొర గట్టిపడే ఆ జబ్బు నోటి క్యాన్సర్‌కు దారితీయొచ్చు.

నాలుక, టాన్సిల్స్

నాలుకను లోపల వదులుగా పెట్టి నోరు కొద్దిగా తెరవండి. రెండు పక్కల అంచులు చూడండి. నున్నగా ఉండాల్సిన అంచు మీద కజ్జికాయ అంచు నొక్కినట్టు వరసగా గుంటలు కనిపిస్తే అవి మీ పళ్ల అచ్చులే. నోటి చోటుకు నాలుక పెద్దదైనా, రాత్రంతా పళ్లకేసి నొక్కుకుంటున్నా ఇలా పడతాయి. లేవగానే చూస్తే బాగా తెలుస్తాయి. ఉన్నాయంటే ఆప్నియా అని తేల్చేయకండి. పళ్లు కొరికే అలవాటు ఉన్నవాళ్లకూ, థైరాయిడ్ తక్కువగా పనిచేసేవాళ్లకూ ఈ అచ్చులు ఉంటాయి. థైరాయిడ్ తక్కువైతే నాలుక ఉబ్బుతుంది, గురకా మొదలవుతుంది. కాబట్టి అంచులు ఇలా ఉండి, ఒళ్లు బరువుగా, చలి ఎక్కువగా, మలబద్ధకంగా ఉంటే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష ఒకటి చేయించుకోవడం మేలు.

లావైతే నాలుకలో కూడా కొవ్వు పేరుకుంటుంది. బరువు తగ్గినవాళ్లకు ఆప్నియా తగ్గడంలో నాలుకలో కొవ్వు కరగడానిదే పెద్ద పాత్ర అని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ఎంఆర్ఐ తీసి చూపించారు. పొట్ట తగ్గితే గురక తగ్గుతుందని పెద్దవాళ్లు అనే మాటకు ఇదొక ఆధారం.

టాన్సిల్స్ కొండనాలుకకు రెండు పక్కలా మడతల మధ్య ఉంటాయి. మడతల లోపలే దాగి ఉంటే పట్టించుకోనక్కర్లేదు. రెండూ సగం దారి దాకా వచ్చినా, మధ్యలో ఒకదానికొకటి తగులుతున్నా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఒకటే పెద్దదిగా, ఇంకోటి చిన్నదిగా ఉంటే ఆలస్యం చేయొద్దు. దానికి వేరే కారణాలు ఉండొచ్చు.

దవడ, అంగిలి

ఇది పక్కనుంచి తీసిన ఫోటోలో చూడాలి. పళ్లు కలిపి, పెదాలు వదులుగా ఉంచి, ఎదురుగా చూస్తుండగా ఒక ప్రొఫైల్ ఫోటో తీయించుకోండి. కింది పెదవి నుంచి నిలువుగా ఒక గీత ఊహించుకుంటే గడ్డం దానికి దాదాపు దగ్గరగా ఉండాలి. బాగా వెనక్కి ఉంటే కింది దవడ చిన్నదన్నమాట. దవడ వెనక ఉంటే దానికి అంటిన నాలుకా వెనకే ఉంటుంది. తర్వాత పళ్లు కలిపి అద్దంలో చూడండి. పై ముందు పళ్లు కింది పళ్లకంటే 2, 3 మిల్లీమీటర్లు ముందుకు ఉండటం మామూలే. చూపుడు వేలి కొస ఆ మధ్యలో దూరేంత ఉంటే అది చెప్పుకోదగ్గ తేడా. గడ్డం పెంచుకున్నవాళ్లలో వెనక్కి ఉన్న దవడ బయటికి కనపడదు కాబట్టి వేలితో తడిమి చూసుకోవడమే.

అంగిలి ఎత్తుగా, ఇరుకుగా ఉండి, పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయా? చిన్నప్పుడు నోటితో ఊపిరి పీల్చినవాళ్లలో ఇది ఎక్కువ. అంగిలి పైభాగమే ముక్కుకు నేల కాబట్టి అంగిలి ఇరుకైతే ముక్కు కూడా ఇరుకే.

దవడ గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. లావుగా ఉన్నవాళ్లకే ఈ జబ్బు వస్తుందని మనలో గట్టి నమ్మకం. ఆసియావాళ్లలో ముఖపు ఎముకల తీరు వల్ల అంత బరువు లేకపోయినా ఇది వస్తుంది. సన్నగా, చిన్న గడ్డంతో ఉండి, పొద్దున్నే మొహం పీక్కుపోయి లేచే మనిషిని "నీకేంటి, కర్రలా ఉన్నావు" అని ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి డాక్టర్లు కూడా తోసిపుచ్చేస్తారు. అలాంటివాళ్లు ప్రొఫైల్ ఫోటో తీసుకెళ్లి చూపించండి.

పళ్లు, చిగుళ్లు ఏం చెబుతున్నాయి

ముందు పళ్ల కొసలు ఒకే వరసలో గీసినట్టు చదునుగా అరిగి, తెల్లటి పింగాణీ మధ్యలో పసుపు గీత కనిపిస్తోందా? వెనక దంతాల గుబ్బలు అరిగి నున్నగా ఉన్నాయా? అది రాత్రిపూట పళ్లు నూరడం. ఆప్నియా ఉన్నవాళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. టెన్షన్, అతిగా కాఫీ, కొన్ని డిప్రెషన్ మందులు కూడా పళ్లు నూరిస్తాయి. అరుగుదల ఎక్కడుందో చూసుకోవాలి. బొగ్గు, ఇటుకపొడి, ముతక పళ్లపొడితో తోముకున్నవాళ్లకు పంటి బయటి వైపు, చిగురు దగ్గర గుంట పడుతుంది. నూరినవాళ్లకు కొరికే కొస అరుగుతుంది. గ్యాస్ పైకి తన్నేవాళ్లకు పై ముందు పళ్ల లోపలి వైపు కరిగిపోతుంది. ఆప్నియా, గ్యాస్ తన్నడం ఒకే మనిషిలో ఉండటం అరుదేమీ కాదు.

నోరు తెరిచి పడుకుంటే ఉమ్మి ఆరిపోతుంది. ఉమ్మి ఉంటేనే పళ్లకు కాపుదల. శుభ్రంగా తోముకునేవాళ్లకు కూడా ఏడాదికో కొత్త పుప్పి వస్తున్నా, ముందు పళ్ల దగ్గర చిగుళ్లు ఎర్రగా ఉబ్బి మిగతాచోట బాగానే ఉన్నా, రాత్రి నోరు తెరుచుకుంటోందేమో అనుమానించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. పళ్లు నూరుతున్నారని చెప్పగానే కొందరు డాక్టర్లు నైట్ గార్డ్ (పళ్లు అరగకుండా రాత్రిపూట పెట్టుకునే తొడుగు) చేసి ఇచ్చేస్తారు. ఆప్నియా ఉన్న కొందరిలో మామూలు నైట్ గార్డ్ దవడను వెనక్కి తిప్పి ఊపిరి ఇబ్బందిని పెంచవచ్చు. గార్డ్ చేయించుకునే ముందే గురక సంగతి చెప్పండి. పై కట్టుడు పళ్లు, కింది కట్టుడు పళ్లు తీసి పడుకునే పెద్దవాళ్లలో గురక పెరిగితే అదీ చెప్పండి. పళ్లు లేకపోతే ముఖం ఎత్తు తగ్గి నాలుక పక్కలకు, వెనక్కి వాలుతుంది. అలాగని సొంతంగా రాత్రంతా కట్టుడు పళ్లు పెట్టుకుని పడుకోవద్దు, నోట్లో ఫంగస్ పట్టే ప్రమాదం ఉంది.

టేపుతో మెడ కొలిచి, లెక్క చూసుకోండి

దర్జీ టేపు తీసుకుని కంఠం గుబ్బ దగ్గర మెడ కొలవండి. ఇప్పుడు ఎనిమిది ప్రశ్నలకు అవునో కాదో చెప్పుకోండి. టొరంటోలో ఫ్రాన్సెస్ చుంగ్ బృందం 2008లో తయారుచేసిన స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళి ఇదే. మూసిన తలుపు దాటి వినపడేంత గురక ఉందా? పగలు అలసటగా, మత్తుగా ఉంటోందా? ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? బీపీ ఉందా, మందులు వాడుతున్నారా? బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 35 దాటిందా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లకు మించిందా? మగవారా? ఒక్కో అవునుకు ఒకటి. 0 నుంచి 2 వస్తే ముప్పు తక్కువ, 3, 4 వస్తే మధ్యస్థం, 5 నుంచి పైన ఎక్కువ. మనవాళ్ల విషయంలో బీఎంఐ 35 అనేది చాలా ఎత్తున పెట్టిన గీత. మన దేశంలో 25 దాటితేనే ఊబకాయం కింద లెక్కేస్తారు. కాబట్టి ఆ ఒక్క ప్రశ్నకు కాదని వచ్చిందని లెక్క తక్కువ చేసుకోకండి. ఆడవాళ్లకు ఈ ప్రశ్నావళిలో మొదటే ఒక పాయింటు పోతుంది. ముట్లు ఆగాక వాళ్లకూ ముప్పు పెరుగుతుంది. పైగా వాళ్లు గురక కంటే నిద్ర పట్టకపోవడం, నీరసం, తలనొప్పి అని చెప్పుకుంటారు, అక్కడే జబ్బు తప్పిపోతుంది.

ఎవరి దగ్గరికి, ఏం పట్టుకుని వెళ్లాలి

లెక్క 3 గానీ అంతకు పైన గానీ వచ్చినా, ఊపిరి ఆగడం ఎవరైనా చూసినా, నోట్లో పైన చెప్పినవాటిలో రెండు మూడు కలిసి కనిపించినా వెళ్లండి. పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల డాక్టరు) లేదా ఈఎన్‌టీ డాక్టరు దగ్గర మొదలుపెట్టొచ్చు. పళ్ల డాక్టరు దగ్గరికి ముందు వెళ్లినా ఫరవాలేదు గానీ, ఆయన అనుమానం రాసి పంపించాలి, జబ్బును తేల్చేది నిద్ర వైద్యం తెలిసిన డాక్టరే. వారం రోజుల రాతలు, గురక రికార్డింగు, నోటి ఫోటో, పక్క ఫోటో, వేసుకుంటున్న మందుల చీటీ తీసుకెళ్లండి. వీలైతే పక్కన పడుకునే మనిషినీ తీసుకెళ్లండి, సగం జవాబులు వాళ్ల దగ్గరే ఉంటాయి.

నిద్ర పరీక్ష రెండు రకాలు. ల్యాబ్‌లో చేసేదాంట్లో తల మీద, కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్ల మీద తీగలు అంటిస్తారు. ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి, పొట్టకు పట్టీలు, వేలికి క్లిప్పు ఉంటాయి. ఇంటికి ఇచ్చే పరికరంలో ముక్కు గొట్టం, ఒక పట్టీ, వేలి క్లిప్పు ఉంటాయి. ఇంట్లో చేసే పరీక్ష మెదడు తరంగాలను రాయదు కాబట్టి మీరు నిజంగా ఎంతసేపు నిద్రపోయారో దానికి తెలియదు. అందుకే జబ్బును కాస్త తక్కువ చేసి చూపించొచ్చు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు బాగా ఉన్నవాళ్లకు ల్యాబ్ పరీక్షే సరైనది. నెయిల్ పాలిష్ తీసేసి వెళ్లండి, ఆ రోజు మధ్యాహ్నం కునుకు తీయకండి, సాయంత్రం కాఫీ మానండి. చేతి వాచీ ఇచ్చే హెచ్చరిక డాక్టరు దగ్గరికి వెళ్లడానికి కారణం కావచ్చు, రిపోర్టు మాత్రం కాదు.

రిపోర్టులో మీరు చూడాల్సిన అంకె ఏహెచ్ఐ. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, బాగా తగ్గిందో అది చెబుతుంది. 5 లోపు మామూలు. 5 నుంచి 15 తేలిక, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. దాని పక్కనే ఆక్సిజన్ ఎంత దాకా పడిపోయిందో కూడా ఉంటుంది, అదీ అడగండి.

నోటి పరికరం ఎవరికి పనికొస్తుంది

తీవ్రంగా ఉన్నవాళ్లకు ముందు చెప్పేది సీప్యాప్ యంత్రమే. మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. సిడ్నీలో కోలిన్ సల్లివన్ 1981లో దీన్ని తెచ్చారు. దానంత గట్టిగా ఏహెచ్ఐని తగ్గించేది ఇంకోటి లేదు. చిక్కల్లా రోజూ మాస్కు పెట్టుకోవడమే. కొన్నవాళ్లలో ఎంతోమంది దాన్ని అలమరలో పెట్టేస్తారు.

తేలిక, మధ్యస్థ స్థాయిలో ఉన్నవాళ్లకూ, సీప్యాప్ భరించలేనివాళ్లకూ కింది దవడను ముందుకు లాగి పట్టే పరికరం ఇవ్వొచ్చు. పై పళ్లకు ఒకటి, కింది పళ్లకు ఒకటి తొడుగులు ఉంటాయి. రెంటినీ కలిపే మర లేదా పట్టీతో కింది దవడను కొద్దికొద్దిగా ముందుకు జరుపుతారు. మీ దవడ ముందుకు వెళ్లగలిగే దూరంలో సాధారణంగా 50 నుంచి 75 శాతం దాకా. ఒకేసారి లాగితే దవడ కీలు పట్టేస్తుంది కాబట్టి వారాల మీద జరుపుకుంటూ పోవాలి. దీన్ని చేయించుకునే ముందు పళ్ల డాక్టరును ఇవి అడగండి: నా పళ్లు దీన్ని పట్టి నిలబడతాయా (ఒక్కో దవడలో కనీసం 6 నుంచి 10 దాకా గట్టి పళ్లు కావాలి), చిగుళ్లు వదులుగా లేవు కదా, దవడ కీలులో నొప్పి, టకటక శబ్దం ఉంటే ఏం చేస్తారు? పుప్పులు, క్యాపులు, చిగుళ్ల వైద్యం ముందే పూర్తి చేసుకోండి. పరికరం తయారయ్యాక పంటికి కొత్త క్యాపు వేస్తే పరికరం పట్టదు, మళ్లీ డబ్బు.

ఆన్‌లైన్‌లో వేడినీళ్లలో ముంచి కొరికే రకాలు చవగ్గా దొరుకుతాయి. గురక శబ్దం తగ్గించి, లోపల ఊపిరి ఆగడం అలాగే ఉంచేసే వస్తువు అవసరమా అని ఆలోచించుకోండి. నోటికి టేపు అంటించుకుని పడుకునే ఫ్యాషన్ ఇంకా ప్రమాదం. ముక్కు మూసుకుపోయినవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు.

నాలుక, గొంతు కండరాలకు చేసే కసరత్తుల మీద బ్రెజిల్‌లో ఒక చిన్న అధ్యయనం 2009లో వచ్చింది. మూడు నెలలు క్రమంగా చేసినవాళ్లలో జబ్బు తీవ్రత 39 శాతం తగ్గింది. నాలుకను అంగిలికి గట్టిగా అదిమి వెనక్కి జార్చడం, బుగ్గలు లోపలికి పీల్చడం లాంటివి. చేస్తే నష్టం లేదు, కానీ దీన్నే నమ్ముకుని పరీక్ష మానేయడం తప్పు. పరీక్ష తేదీ వచ్చేలోపు పక్కకు తిరిగి పడుకోండి, మద్యం మానండి, డాక్టరు చెప్పకుండా నిద్ర మాత్రలు వేసుకోకండి. పగలు కునికిపాట్లు వస్తుంటే బండి, కారు నడపొద్దు. హైవే మీద ఒక్క క్షణం కన్ను మూతపడినా చాలు.

పిల్లల నోరు వేరుగా చూడాలి

వారంలో మూడు రాత్రులకు మించి గురక పెట్టే పిల్లలను "చిన్నపిల్లలు కదా, అలిసిపోయి పడుకున్నారు" అని వదిలేయొద్దు. ఎప్పుడూ నోరు తెరుచుకుని ఉండటం, పెదాలు పగలడం, అంగిలి ఎత్తుగా ఇరుకుగా ఉండటం, ముందు పళ్లు పొడుచుకురావడం, పెద్ద టాన్సిల్స్, పక్క తడపడం మళ్లీ మొదలవడం కలిసి కనిపిస్తే పిల్లల డాక్టరుకో ఈఎన్‌టీకో చూపించండి. నిద్ర చాలని పెద్దవాళ్లు మందకొడిగా ఉంటే, పిల్లలు ఎక్కువగా ఎగిరి గంతులేస్తారు, క్లాసులో కుదురుగా కూర్చోరు. అందుకే ఇది అల్లరి కింద కొట్టుకుపోతుంది. పిల్లల్లో గంటకు ఒకసారి మించి ఆగినా జబ్బు కిందే లెక్క. టాన్సిల్స్, ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) పెద్దగా ఉంటే వాటిని తీయడమే చాలామందిలో మొదటి వైద్యం. అంగిలిని వెడల్పు చేసే క్లిప్పులు ఎదిగే వయసులోనే సులువు, కాబట్టి ఆర్థోడాంటిస్టు (పళ్ల వరస సరిచేసే డాక్టరు) సలహాను ఇంటర్ అయ్యాక చూద్దాంలే అని వాయిదా వేయకండి.

పరికరం చేతికొచ్చాక

ఉదయం తీయగానే చల్లటి నీళ్లతో మెత్తటి బ్రష్ పెట్టి కడగండి. వేడినీళ్లు పోస్తే వంకర పోతుంది. ఆరబెట్టి డబ్బాలో పెట్టండి. దిండు పక్కన, వాష్‌బేసిన్ గట్టు మీద వదిలేస్తే పనిమనిషి చెత్తబుట్టలో వేయడం, ఇంట్లో కుక్క నమిలేయడం జరుగుతుంటాయి. మొదట్లో చొంగ ఎక్కువ కారడం, పొద్దున్నే పళ్లు సరిగ్గా కలవనట్టుండటం మామూలే. డాక్టరు ఇచ్చిన చిన్న కొరుకుడు ముక్కను కాసేపు నమిలితే పళ్లు మళ్లీ కలుస్తాయి. మధ్యాహ్నం దాకా కూడా కలవకపోతే ఫోన్ చేసి చెప్పండి. ఏళ్ల తరబడి వాడితే పళ్లు కొద్దిగా జరుగుతాయి కాబట్టి ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, దవడను సరిపోయిన చోటికి జరిపాక పరికరం నోట్లో పెట్టుకునే మళ్లీ ఒక నిద్ర పరీక్ష చేయించుకోండి. గురక తగ్గిందని ఇంట్లోవాళ్లు చెప్పారు కదా అని ఈ పరీక్ష ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. మీ ఏహెచ్ఐ 28 నుంచి 20కి మాత్రమే దిగి ఉంటే, ఇంట్లో చప్పుడు తగ్గినా మీకు వైద్యం ఇంకా సరిపోలేదు.